బిగ్గరగా చదివిన ప్రశ్నపత్రం

ఫెబ్బీ కలబ పెదాలు కదపకుండా ఆలోచించలేని మనిషి. కూరలో ఉప్పు సరిపోయిందా అన్న దగ్గర్నుంచి రేపటి పాఠం ఎలా మొదలుపెట్టాలన్నదాకా ఏదైనా ముందు పైకి చెప్పుకోవాల్సిందే. కపుంబు బడి ఆవరణలో టీచర్లమైన మా ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కనే. గోడ ఇవతల నుంచి వింటే లోపల ఇద్దరెవరో కబుర్లాడుకుంటున్నట్టుండేది. ఉన్నది ఆవిడొక్కతే. పెళ్ళయిన కొత్తలోనే భర్త పడవ సరస్సు మధ్య గాలివానకి తిరగబడింది. ఆ తర్వాత మళ్ళీ ఎవర్నీ చేసుకోలేదు.

పుట్టింది బాంగ్వేయులు సరస్సుకి దక్షిణాన, బురదనేలల్లో చేపలు పట్టేవాళ్ళ గుడిసెల్లో. అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరూ ఏదీ నేర్పరు. పడవలో పెద్దవాళ్ళ పక్కన ఉంటావు, వాళ్ళు అనేది వింటావు, నువ్వూ అంటావు, తప్పయితే నవ్వుతారు, అంతే. అలా పెరిగిన పిల్ల ఏడో తరగతి పరీక్షకి కూర్చుని ప్రశ్న పైకి చదువుకుంటుంటే, కాపలా ఉన్న మాస్టారు నెత్తిమీద ఒకటిచ్చి నోరు మూయించాడట. నోరు మూసుకుంటే ప్రశ్నే అర్థం కాలేదు. తప్పింది. మరుసటేడు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక పళ్ళ కింద నొక్కిపెట్టి ఎలాగో గట్టెక్కింది.

ఆ రోజుల్లో ఏడో తరగతిలో తగినన్ని మార్కులొస్తేనే పై బడిలో సీటు. రాకపోతే చదువు అక్కడితో సరి. పై బళ్ళు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఎవర్ని ఇంటికి పంపాలో తేల్చడానికే ఈ పరీక్ష కనిపెట్టారని ఫెబ్బీ తిట్టేది. తిడుతూనే పదేళ్ళపాటు ఆ తరగతికే పాఠం చెప్పింది.

ఆవిడ తరగతి సంత. నేను పక్క గదిలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే గోడ అవతల నుంచి కేకలూ, పాటలూ, నవ్వులూ. కూర్చుని లెక్క చెయ్యలేని కుర్రాడుంటే లేచి నడుస్తూ చెయ్యమనేది. మాట రాని వాడుంటే ఇసకలో బొమ్మ గీసి చూపించమనేది. దేశపటం పాఠమంటే పిల్లలందర్నీ బయటికి తోలుకెళ్ళి, వాళ్ళనే నదులుగా, జిల్లాలుగా నిలబెట్టేది.

హెడ్‌మాస్టరు లుపాండో గారు కిటికీలోంచి తొంగిచూసేవారు.

"ఫెబ్బీ టీచర్, ఇది బడా, రేవా?"

"పాఠం జరుగుతోంది సార్. వినిపిస్తోంది కదా."

"వినిపిస్తోందమ్మా, సరస్సు అవతలి ఒడ్డుకి కూడా వినిపిస్తోంది. పరీక్షలో అరవమంటారా వీళ్ళని?"

ఆ మాటకి మాత్రం ఆవిడ బోర్డు వైపు తిరిగి సుద్దముక్క అందుకునేది.

చోలా అనే పిల్ల ఆవిడ చేతికి వచ్చేసరికి ఆ ప్రశ్న గొంతులో ముల్లయి కూర్చుంది. చోలాకి తల్లి లేదు, అమ్మమ్మ పెంచింది. ఇంట్లో పెత్తనం మేనమామ కతాయిది. దీవుల్లో చేపలు ఎండబెట్టే మకాం అతనిది. ఆ పిల్లకి అక్షరాలు ఒకచోట నిలవ్వు. వాక్యం మధ్యకి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. కానీ చెవిన పడ్డది మాత్రం పోదు. ఫెబ్బీ ఇంగ్లీషులో ఒకసారి చదివి వినిపిస్తే చాలు, అది ఎందుకలా అయింది, ఇలా అయితే ఏమయ్యేది అని ఎదురు ప్రశ్నలేసేది. గ్రహణం ఎలా పడుతుందో చోలా మిగతా పిల్లలకి చెప్తుంటే విన్నాను. ఒకణ్ణి సూర్యుణ్ణి చేసి, తను చంద్రుడై, తరగతి చుట్టూ తిరుగుతూ చెప్పింది. నాకు ట్రైనింగులో కూడా అంత బాగా అర్థం కాలేదు. వారం తర్వాత అదే పాఠం మీద కాగితం పరీక్ష పెడితే సున్నా.

"నోట్లో ప్రొఫెసరు, కాగితం మీద గొర్రె" అన్నారు లుపాండో గారు. ఆయనకి ఆ పిల్లంటే కోపమేం లేదు. బాధగానే అన్నారు.

అదే తరగతిలో ముంబీ ఉండేది. రేవు దగ్గర బన్నులు కాల్చి అమ్మే ఆవిడ కూతురు. ఆవిణ్ణి ఊరంతా బనా ముంబీ, అంటే ముంబీ వాళ్ళమ్మ, అనే పిలిచేవాళ్ళు. ముంబీ నోరు తెరిస్తే వింత. గోల మొదలవగానే పుస్తకం పట్టుకుని మూలకి పోయేది, ఒక్కోసారి చెవుల్లో వేళ్ళు పెట్టుకునేది. కాగితం ఇస్తే మాత్రం అన్నీ సరిగ్గా రాసేది. ఆ పిల్లకి నేర్పడానికి నేనేం చెయ్యక్కర్లేదు అని ఫెబ్బీ అనేది, కాస్త గర్వంగానే.

పరీక్షల్లో ఒకటి బుద్ధిని కొలవడానికని పెట్టింది. స్పెషల్ పేపర్ అనేవాళ్ళం. పాఠాలతో పనిలేని తిరకాసు ప్రశ్నలుంటాయి. ఒకరోజు ఫెబ్బీ బోర్డు మీద నాలుగు మాటలు రాసింది. వల, గాలం, బల్లెం, చేప. వీటిలో కలవనిది ఏది?

"బల్లెం" అంది చోలా వెంటనే.

"ఎందుకు?"

"వలకీ గాలానికీ చేప దానంతటదే వస్తుంది టీచర్. బల్లెంతో అయితే మనమే వెతుక్కుంటూ పోవాలి."

"కాదు, గాలం" అన్నాడొకడు. "గాలం పిల్లలది. మిగతావి పెద్దవాళ్ళవి."

గది రెండు పక్షాలైంది. కాసేపు కొట్టుకున్నాక ఫెబ్బీ చేతులెత్తి ఆపింది. "జవాబు చేప. మిగతా మూడూ పనిముట్లు."

పిల్లలు విరగబడి నవ్వారు. చోలా లేచి నిలబడింది. "చేపని తీసేస్తే ఆ మూడింటితో ఏం చేసుకుంటాం టీచర్? ఇది రాసినాయన ఎప్పుడైనా చేప తిన్నాడా?"

"తిన్నాడో లేదో, మార్కు వేసేది ఆయనే."

"అయితే ఆయన్నే వచ్చి నన్నడగమనండి. చెప్తాను."

ఫెబ్బీ మూలకి చూసింది. ముంబీ పలక మీద చేప దగ్గర టిక్కు పెట్టి ఉంది. ఎందుకు పెట్టావంటే ఆ పిల్ల బల్లకేసి చూస్తూ, "ఎందుకో తెలీదు టీచర్. వాళ్ళకి అదే కావాలి" అంది.

ఆ సాయంత్రం ఫెబ్బీ మా వాకిట్లో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తూ అంది. "ప్రిస్కా అక్కా, ఆలోచించిన పిల్లకి సున్నా. ఆలోచన మానేసి వాళ్ళకేం కావాలో పసిగట్టిన పిల్లకి మార్కు. ఇన్నాళ్ళూ నేను నేర్పుతున్నదేంటి?"

"నువ్వు కూడా పసిగట్టడం నేర్పించు మరి" అన్నాను.

అదే చేసింది. ఆ వానాకాలం నుంచి పక్క గది మూగబోయింది. పాత ప్రశ్నపత్రాలు, నిశ్శబ్దం, మళ్ళీ పాత ప్రశ్నపత్రాలు. పెదాలు కదిపిన పిల్లకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్పింది, తను ఒకప్పుడు చేసినట్టే. లుపాండో గారు సంతోషించారు. ముంబీ మూల వదిలి ముందు వరసలోకి వచ్చింది. కొందరు నిజంగానే బాగుపడ్డారు, అది కాదనలేను. చోలా మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయింది. ముందు ప్రశ్నలడగడం మానేసింది, తర్వాత జవాబులివ్వడం, తర్వాత బడికే అప్పుడప్పుడు రావడం మానేసింది. ఫెబ్బీ వాళ్ళింటికి వెళ్తే అమ్మమ్మ మొక్కజొన్న ముద్దకి ఎసరు పెడుతూ అంది. "ఇంతకుముందు బడి నుంచి వస్తే నోరు మూసేది కాదు టీచరమ్మా, చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు ఇంట్లో చావు జరిగినట్టుంది. పరీక్ష తప్పితే దీవులకి తీసుకుపోతానని వాళ్ళ మామ చెప్పేశాడు. పిల్ల ఇప్పట్నుంచే పోయినట్టు కూర్చుంది."

దాంతో ఫెబ్బీకి పిచ్చిపట్టినట్టయింది. పడవ మీద సరస్సు అవతలి ఒడ్డుకి, అక్కణ్ణుంచి చేపల లారీ ఎక్కి జిల్లా పరీక్షల ఆఫీసుకి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు.

"ఒక పిల్లకి ప్రశ్నలు చదివి వినిపించనివ్వండి సార్. జవాబులు చెప్పను. ప్రశ్నలు మాత్రమే."

"కళ్ళు కనపడవా ఆ పిల్లకి?"

"కనపడతాయి."

"మరి చెవుడా? చెయ్యి లేదా?"

"అన్నీ ఉన్నాయి సార్. చెవితో ఆలోచిస్తుంది, అంతే."

ఆయన కలం పట్టుకుని నవ్వాడు. "ఏ జబ్బని రాయమంటారు టీచరమ్మా? చెవితో ఆలోచించడమని రాస్తే పైవాళ్ళు నన్నే ఆస్పత్రికి పంపుతారు."

"పోనీ వేరే గదిలో కూర్చోబెట్టి తనే పైకి చదువుకోనివ్వండి."

"ఈ పిల్లకి ఒప్పుకుంటే రేపు వందమంది వస్తారు. అందరికీ ఒకే కాగితం, ఒకే నియమం. అదే న్యాయం."

బయటికొచ్చాక ఫెబ్బీ మెట్ల మీద కూలబడింది. నేను కాల్చిన వేరుశనగలు కొనిచ్చాను. తినలేదు. "న్యాయమట అక్కా" అంది, మళ్ళీ మళ్ళీ అదే మాట.

పరీక్షల వారం వచ్చింది. కాపలాకి వేరే బడి నుంచి చిసెంగా అనే మాస్టారిని పంపారు. మొదటి రోజు బాగానే గడిచింది. స్పెషల్ పేపర్ రోజు తెల్లారేసరికి ఆయనకి మలేరియా, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఇంకో మనిషిని పిలిపించడానికి వేళ లేదు. లుపాండో గారు చాలాసేపు తటపటాయించి ఫెబ్బీని గదిలో నిలబెట్టారు. "నోరు తెరవకండమ్మా, మీకు దణ్ణం పెడతాను" అన్నారు. నేను విన్నాను.

లోపలేం జరిగిందో ఫెబ్బీ తర్వాత చెప్పింది, పిల్లలూ చెప్పారు. గంట కొట్టారు. అందరూ కాగితం తిప్పారు. ఫెబ్బీ వరసల మధ్య నడుస్తోంది. చోలా మొదటి ప్రశ్న దగ్గరే ఆగింది. పెదాలు కదిలాయి. కదలగానే తనంతట తనే అరచేత్తో నోరు మూసుకుంది. గట్టిగా, వేళ్ళు బుగ్గల్లో దిగబడేలా. అలా మూసుకుని కాగితంకేసి చూస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారి చేతి మీద పడుతున్నాయి. ఆ చెయ్యి నేను నేర్పిందే అక్కా అని ఫెబ్బీ ఎన్నోసార్లు చెప్పుకుంది.

ఆవిడ జవాబుల కాగితం చోలా ముందే ఉంచి, ప్రశ్నపత్రం మాత్రం తీసుకుని గది ముందుకి వెళ్ళి మొదటి ప్రశ్న బిగ్గరగా చదివింది. దాని కింద ఎంచుకోమని ఇచ్చిన నాలుగు జవాబులూ చదివింది. ఆగింది. రెండోది చదివింది. చోలా నోటి మీది చెయ్యి జారింది. వెనక వరసలో ఒకడు తనలో తాను గొణుక్కోవడం మొదలెట్టాడు, ఇంకోడు వేళ్ళతో బల్ల మీద బొమ్మ గీసుకున్నాడు. గది మెల్లగా పాత గది అయింది. జవాబు మాత్రం ఆవిడ ఒక్కటీ చెప్పలేదు, సైగ కూడా చెయ్యలేదు. నేను నమ్ముతాను.

ముంబీ చెయ్యెత్తింది. ఫెబ్బీ చూడలేదు. ముంబీ లేచి నిలబడింది, జీవితంలో మొదటిసారి తనంతట తను.

"టీచర్, ఆపండి. నాకు చదవడం కుదరట్లేదు."

"కొంచెం ఓర్చుకో తల్లీ" అని ఫెబ్బీ తర్వాతి ప్రశ్న అందుకుంది.

ముంబీ చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. చెవుల్లో వేళ్ళుంటే పెన్సిలు పట్టుకోలేదు. ఒక వేలు తీస్తే గొంతు వినిపిస్తుంది. అలా తీస్తూ పెడుతూ ఏడుస్తూ సగం కాగితం ఖాళీగా వదిలేసింది.

ఫెబ్బీ గొంతు నా గదిదాకా వచ్చింది. నేను వరండాలోకి వచ్చేసరికి లుపాండో గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి ఆపించారు గానీ, అప్పటికి పేపరు దాదాపు అయిపోయింది. బడి పక్కింట్లో చాప మీద వణుకుతూ పడుకున్న చిసెంగా మాస్టారు అంతా విన్నాడు. జ్వరం తగ్గగానే నివేదిక రాశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. రాయకపోతే ఆయన ఉద్యోగం పోయేది.

మా బడి ఫలితాలు మొత్తం రద్దు చేశారు. ఒక్క పేపరు కాదు, అన్నీ. ఆ ఏడు కపుంబు నుంచి పై బడికి ఒక్కరికీ సీటు రాలేదు.

తల్లిదండ్రులు బడి ముందు చేరారు. ఫెబ్బీ ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడింది. దాక్కోమని నేను చెప్పినా వినలేదు. అందరికంటే ముందు బనా ముంబీ వచ్చింది, చేతులకి పిండి అలాగే ఉంది.

"టీచరమ్మా, నా కూతురు పుట్టినప్పట్నుంచీ నోరెత్తదు. మొగుడి తరఫువాళ్ళు మూగదని వెక్కిరించేవాళ్ళు. కాగితం మీద మాత్రం అది గొంతెత్తి మాట్లాడేది. ఆ ఒక్క దారీ నువ్వు మూసేశావు. చోలాకి చెవులున్నాయి, సరే. నా పిల్లకి లేవా?"

ఫెబ్బీ ఒక అడుగు ముందుకి వేసి ఆవిడ ఎదురుగా నిలబడింది.

"ఆపమని అడిగిందట కదా! అది ఎవర్నైనా ఏదైనా అడగడం నేనే ఎప్పుడూ చూళ్ళేదు. అడిగితే ఓర్చుకోమన్నావట!"

"అన్నాను" అంది ఫెబ్బీ. "తప్పే బనా ముంబీ. ఆ పిల్లకి గోల పడదని నాకు తెలుసు. పదేళ్ళు పాఠం చెప్పి, ఆ రోజు ఒక్క పిల్లనే చూశాను."

"ఒప్పుకుంటే సీటొస్తుందా?" అని బనా ముంబీ పిండి చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చింది. కొట్టడానికి వచ్చినవాళ్ళు కూడా అది చూసి వెనక్కి తగ్గారు.

ఫెబ్బీని ఉద్యోగం నుంచి ఆపేశారు. విచారణకి జిల్లా ఆఫీసుకి పిలిచారు. మళ్ళీ నేనే తోడు. అదే ఆఫీసరు, ఈసారి ఇంకో ఇద్దరు పెద్దలతో. ఏం చెప్పుకుంటారని అడిగారు.

"చదివాను సార్. శిక్ష ఏదైనా వెయ్యండి. ఒక్కటి మాత్రం అడుగుతాను. చోలా పేపరు దిద్దించండి. సీటు కోసం కాదు. ప్రశ్న చెవిన పడితే ఆ పిల్లకి ఎంత వస్తుందో ఒక్కసారి చూడండి. ముంబీది కూడా దిద్దించండి. గోలలో ఆ పిల్ల ఎంత పోగొట్టుకుందో చూడండి. మిగతా రోజుల పేపర్లతో పోల్చండి. మీకే తెలుస్తుంది."

"రద్దయిన పేపర్లు దిద్దకూడదు."

"చూడటానికైనా?"

"నియమం ఒప్పుకోదు."

తర్వాత రెండు నెలల్లో ఆవిడ ఆ ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్ళిందో. వెళ్ళడం, బల్ల మీద కూర్చోవడం, సాయంత్రం లారీకి తిరిగి రావడం. గుమాస్తాలు ఆవిణ్ణి చూడగానే తలలు దించుకునేవాళ్ళు. చివరికి ఆఫీసరే బయటికొచ్చి చెప్పాడట, టీచరమ్మా, ఇంక రాకండి, ఆ పేపర్లు కాల్చేశాం అని. ఆ రోజు వచ్చి నా వాకిట్లో కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, "కాల్చేశారక్కా" అంది. గుక్కపట్టి ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదని వాళ్ళ చెల్లెలు తర్వాత నాతో అంది.

పిల్లలకి మాత్రం మరుసటేడు మళ్ళీ రాసుకోవచ్చన్నారు. కొందరు రాశారు, కొందరు పొలాల్లోకీ పడవల్లోకీ పోయారు. ముంబీ మళ్ళీ ఏడో తరగతిలో కూర్చుంది. ఆ ఏడాదంతా ఒక్క మాట మాట్లాడలేదు. మంచి మార్కులతో సీటు తెచ్చుకుని వెళ్ళిపోయింది. చోలా కూర్చోనంది. ఫెబ్బీ కాళ్ళావేళ్ళా పడింది, ఇంట్లో కూర్చోబెట్టి నేనే చెప్తానంది.

"వద్దు టీచర్. మళ్ళీ అదే గది, అదే కాగితం. ఆ రోజు మీరు చదువుతుంటే నాకన్నీ తెలిశాయి. ఒక్కటి కూడా ఊహించి పెట్టలేదు. అది నాకు తెలుసు, చాలు."

"నాకు చాలదే" అంది ఫెబ్బీ.

చోలా తల వంచుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది, అంతే. వారం లోపల మేనమామ కతాయి పడవలో ఎక్కించుకుపోయాడు. ఇప్పుడు ఆ మకాంలో చేపలు ఎండబెడుతోంది, ఇద్దరు పిల్లలు. నేనొకసారి దీవులకి వెళ్ళినప్పుడు కనిపించింది. పలకరించింది, చేపలు కట్టిచ్చింది. బడి ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఫెబ్బీని ఏడాది తర్వాత మళ్ళీ తీసుకున్నారు గానీ, సరస్సుకి దూరంగా, ఎండు అడవి మధ్య ఉన్న బడికి వేశారు. పరీక్షల ఛాయలకి కూడా రానివ్వకూడదని రాశారట. వెళ్ళే రోజు రేవు దాకా నేనొక్కదాన్నే వెళ్ళాను. లుపాండో గారు బడి గుమ్మంలోంచే చెయ్యి ఊపారు.

ఆ ఏడాది లుపాండో గారే చెప్పిన ఏడో తరగతి ఇప్పుడు నాకిచ్చారు. పడవ కదిలేముందు ఫెబ్బీని అడిగాను, "ఆ పిల్లలకి పాఠం ఎలా చెప్పమంటావే?"

"నాకు తెలిస్తే ఇలా పోతానా అక్కా?" అంది. "ఒక్కొక్కళ్ళని వేరేగా చూడు. పరీక్ష వచ్చేసరికి ఎలాగూ అందర్నీ ఒకటే చేస్తారు."

మర్నాడు పొద్దున్న ఆ గదిలోకి వెళ్ళాను. గది నిండా పిల్లలు. కొందరు అప్పుడే అరుస్తున్నారు, ఇద్దరు మూలకి జరిగి కూర్చున్నారు. హాజరు పిలిచాక ఎవరి దగ్గర్నుంచి మొదలుపెట్టాలో తోచక, ముందు ఆ మూలనున్న ఇద్దరి దగ్గరికి నడిచాను.